పేర్లు లేని నారు

పొయ్యి మీద వెచ్చటి చోటు ఒక్కటే.
మా ఇంట్లో ఫిబ్రవరి అంటే ఆ చోటు కోసం కొట్లాట.
నా రొట్టె పిండి పులవాలి,
ఎండెల్ మిరప గింజలు మొలవాలి,
పిల్లి ముసలిదైంది, దానికీ అక్కడే నిద్ర పట్టాలి.

ఇటుకల మీద అరచెయ్యి ఆనించి చూస్తాను:
జ్వరం తగ్గిన పిల్ల నుదురంత వేడి. చాలు.
రాత్రి పిండి తొట్టికి తువ్వాలు కప్పి పడుకుంటే
తెల్లారేసరికి అది ఓ మూలకి జరిగి ఉంటుంది.
మధ్యలో గుడ్ల అట్టలు, గుంట గుంటలో తడి మట్టి,
ఇంటి ఓనర్లలా.
నేనేమీ అనను. అట్టల్ని ఇంకో మూలకి జరుపుతాను.
నలభై మూడేళ్ల కాపురం
చాలావరకు ఈ భాషలోనే నడిచింది.

తార్తు రేడియో మైనస్ పంతొమ్మిదంటుంది.
మా కిటికీ థర్మామీటరు ఇరవై మూడు.
వోరు బస్సు రాలేదు, హెల్వె రాలేదు.
ఆపిల్ కొమ్మకి కట్టిన ఉప్పులేని కొవ్వు ముక్కని
పసుపు పొట్ట, నల్ల టై పిట్టలు
తలకిందులుగా వేలాడి పొడుస్తున్నాయి.
బుల్‌ఫించ్‌లు మాత్రం ఎర్రటి రొమ్ములు విరిచి
లైలాక్ పొద మీద కూర్చున్నాయి,
అప్పు వసూలుకొచ్చి, తొందరేం లేదులెండి అన్నట్టు.

సాయంత్రం ఎండెల్ కళ్లద్దాలు పెట్టుకుని
చీటీలు రాస్తాడు, అగ్గిపుల్లలకి అంటించి
గుంటకొకటి గుచ్చుతాడు.
ఒకప్పుడు నాలుగు దేశాల టొమాటోల పేర్లు
గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు.
ఈ ఏడు చీటీల మీద పేర్లు లేవు.
‘హెల్వె ఇచ్చింది.’
‘వానకి పగిలేది.’
‘మైముకి ఇష్టం.’
చదివి, చదవనట్టు పక్కకొచ్చేశాను.
పోయిన వారం చాకు కావాల్సొచ్చి
“అదే, కోసేది” అన్నాడు.
అడిగింది చాకే అన్నట్టు అందించాను.

శనివారం. రై పిండి ముద్ద మీద
తడి వేళ్లతో శిలువ గీశాను, అత్తగారు గీసినట్టే.
ఆ పులుపు పిండి కూడా ఆమె నుంచి వచ్చిందే.
మనిషి చివరిదాకా నన్ను మెచ్చలేదు,
పిండి ఏనాడూ నన్ను కాదనలేదు.

ఆవిరి పోవాలని తలుపు ఓరగా తీస్తే
పిట్ట ఒకటి లోపలికొచ్చింది.
కర్టెన్, గడియారం, దీపం, నా నెత్తి.
డెబ్భై దాటిన నాలుగు మోకాళ్లతో
చీపురు ఒకరం, తువ్వాలు ఒకరం
వంటింట్లో గానుగెద్దుల్లా తిరిగాం.
అది నింపాదిగా గుడ్ల అట్ట మీద వాలి
చీటీలు ఒక్కొక్కటే పీకింది.
చింపింది, రుచి చూసింది, విదిల్చింది.
ఆనక వచ్చిన తలుపులోంచే పోయింది,
దారి మొదట్నుంచీ తెలిసినట్టు.

నేలంతా తెల్లటి ముక్కలు.
అగ్గిపుల్లలు మాత్రం నిలబడే ఉన్నాయి.
ఆయన మొహం చూడ్డానికి భయమేసింది.
ఎండెల్ కుర్చీలో కూలబడి
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
“ఇప్పుడు నీకూ తెలీదు,” అన్నాడు,
“ఏది ఏదో.”

రొట్టె తీసి బోర్లించి అడుగున తట్టాను.
ఖాళీ డబ్బా మోత. కాలింది.
రేపటిదాకా ఆగాలని తెలిసీ వేడిగానే కోశాం,
జిగటగా, తప్పుగా, వెన్న కారుతుండగా.
ఓ ముక్క జారి కింద పడింది.
వంగి, ఎత్తి, ముద్దుపెట్టి నోట్లో వేసుకున్నాడు,
వాళ్ల నాన్న చేసినట్టే,
ఏ చీటీ చూసుకోకుండా.

చివరి గుంటలో ఒకటి
మెడ వంచుకునే లేచింది.
నెత్తిన గింజ పొట్టు టోపీ ఇంకా తియ్యలేదు.
“ఇదేంటి?” అన్నాను.
కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.
“పచ్చనిది,” అన్నాడు.

ఆ రాత్రి పిల్లిని కింద పడుకోబెట్టాను.